వంకరగా స్కాన్ చేసిన పారదర్శకత

ఒక ప్రభుత్వ శాఖ తన ఏడాది ఖర్చుల వివరాలన్నిటినీ ప్రజల ముందు పెట్టిందని తెలిసి, పౌరుడిగా నాకూ ఒక బాధ్యత ఉందని గుర్తొచ్చి, ఆ ఫైలు తెరిచాను. వందకు పైగా పేజీలున్న ఆ పీడీఎఫ్‌లో ప్రతి పేజీ ఎడమవైపుకు కాస్త ఒరిగి ఉంది. ఒక పేజీ తలకిందులుగా ఉంది. మొత్తం ఎంతో తెలియవలసిన గడి మీద సరిగ్గా గుండ్రటి సీలు పడింది. ఇంకొక పేజీ అంచున ఎవరిదో బొటనవేలు కనిపించింది. పని చేసిన చెయ్యి కూడా ప్రజలకు కనబడేటంతటి పారదర్శకతను నేను అంతకు ముందెన్నడూ చూసి ఎరుగను.

ఏదైనా పద్దు వెతుకుదామని ఒక మాట టైపు చేస్తే ఫలితాలేవీ లేవని వచ్చింది. అందులో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. కూడబోతే కూడవు, తీసివేయబోతే పోవు, నిరుటి లెక్క పక్కన పెట్టి చూద్దామంటే కదలవు.

ఈ ఫైలు జన్మవృత్తాంతం తెలుసుకోదగినది. ఆ అంకెలు పుట్టినప్పుడు ఎక్సెల్‌లో, నిక్షేపంగా, తమ మొత్తాన్ని తామే కూడుకుంటూ ఉండేవి. వాటిని అలాగే బయటపెడితే ఎవడు పడితే వాడు కూడి చూస్తాడన్న ఆలోచన ఒక పెద్దమనసుకు తట్టింది. కాబట్టి ముందు ప్రింటు తీశారు. ప్రతి పేజీ మీద ముగ్గురు సంతకం చేశారు. సంతకం నిజమైనదేనని సీలు, సీలు నిజమైనదేనని ఇంకొక సంతకం. ఆ కట్టను పై అంతస్తులో మూత సరిగ్గా పడని స్కానర్ దగ్గరకు మోసుకెళ్లి, ఫొటోలు తీసి, ప్రజలకు అంకితం చేశారు. అదే భవనంలో, అదే వరండాలో, పక్క గదిలో ఉన్న ఇంకొక శాఖకు తన ప్రణాళిక కోసం అవే అంకెలు కావలసి వచ్చి ఉత్తరం రాస్తే, కోరిన సమాచారం ఇప్పటికే ప్రజలకు అందుబాటులో ఉన్నదని జవాబు వెళ్లింది. పక్క గదిలోని ఉద్యోగి ఆ ఫొటోలను చూస్తూ, సీలు పడిన చోట 3ని 8గా చదువుకుంటూ, పట్టికంతా తిరిగి ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. దాన్ని ప్రింటు తీశారు. ముగ్గురు సంతకం చేశారు. స్కాన్ చేశారు. ఇప్పుడు ఒకే ఖర్చుకు రెండు అధికారిక మొత్తాలు ఉన్నాయి గనుక, ఆ తేడాను పరిష్కరించడానికి ఒక సమన్వయ సంఘాన్ని వేశారు. ఆ సంఘం దీర్ఘంగా చర్చించి, ఇకపై శాఖలన్నీ తమ వివరాలను నిర్ణీత నమూనాలో, సంతకం చేసి, స్కాన్ చేసి పంపాలని తీర్మానించింది.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2010లో ప్రజా సమాచారానికి ఐదు నక్షత్రాల కొలమానం ఒకటి ప్రతిపాదించాడు. ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి ఉంటే చాలు, వెబ్‌లో ఏ రూపంలో పెట్టినా, పట్టికను స్కాన్ చేసిన ఫొటోగా పెట్టినా, ఒక నక్షత్రం దక్కుతుంది. పట్టికను పట్టికలాగే ఇస్తే రెండు. ఆ శాఖ వాడుకునే అనుమతి సంగతి ఎక్కడా రాయలేదు కాబట్టి దానికి ఒక్క నక్షత్రం కూడా దక్కదు. చదివేవారికి మాత్రం పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి.

ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును పౌరులకు చట్టంలో రాసి ఇచ్చిన స్వీడన్‌కు 1766లో పాపం స్కానర్ లేదు. చూపిస్తూనే దాచే ఈ విద్య తెలియక, ఉన్నదున్నట్టు చూపించవలసి వచ్చింది.

అంకెలు చేతికిస్తే జనం తప్పుగా అర్థం చేసుకుంటారని పెద్దలు అంటారు. పక్క శాఖ కూడా తప్పుగా అర్థం చేసుకుంటుందట. నిధి మీద పడగెత్తిన పాము కూడా ఇలాగే, ఆ బంగారం ఎలా ఖర్చు పెట్టాలో తెలిసినవాడు ఇంకా పుట్టలేదని అనుకుంటుంది కాబోలు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 2000లో మేయర్ మార్టిన్ ఓమాలీ మొదలుపెట్టిన సిటీస్టాట్ పద్ధతి ఈ దృష్టితో చూస్తే ఎంతటి అమర్యాదో చెప్పలేం. న్యూయార్క్ పోలీసులు 1994లో ప్రారంభించిన కాంప్‌స్టాట్‌ను, అంటే నేరాల అంకెలు ముందు పెట్టి అధికారులను నిలదీసే సమావేశాలను, చూసి నేర్చుకున్న ఆ పద్ధతిలో, రెండు వారాలకొకసారి శాఖాధిపతిని నిలబెట్టి, వెనక తెర మీద అతని శాఖ అంకెలే వేసి, ఓవర్‌టైమ్ ఎందుకు పెరిగిందనీ, రోడ్డు మీది గుంత 48 గంటల్లో ఎందుకు పూడలేదనీ అడిగేవారు. కనుక్కుని చెబుతామనడానికి వీల్లేదు. కనుక్కోవలసిన ఆర్థిక శాఖ మనిషి అదే గదిలో కూర్చుని ఉంటాడు. పోనీ మరచిపోతారా అంటే, రెండు వారాల తరువాత మళ్లీ అదే ప్రశ్న. ఆ గదిలో సాఫ్ట్‌వేర్ మామూలుదే. కొత్తదనమంతా ఎదురెదురుగా కూర్చోవడంలో ఉంది.

కాంప్‌స్టాట్ ఒత్తిడికి పోలీసులు నేరాలను చిన్నవి చేసి రాశారన్న ఆరోపణలు వచ్చిన మాట నిజం. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మన పెద్దలు ఏ స్కానూ అవసరం లేకుండా కంఠస్థం చేశారు.

ఎస్టోనియా 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థతో శాఖల సమాచార భాండారాలను కలిపింది. ఒక శాఖకు పౌరుడు ఇచ్చిన వివరాన్ని మరో శాఖ మళ్లీ అడగకూడదన్నది అక్కడి నియమం. పైగా తన వివరాలను ఏ కార్యాలయం ఎప్పుడు తెరిచి చూసిందో పౌరుడు చూసుకోవచ్చు. అధికారి మనల్ని చూస్తే పాలన. అధికారి చూశాడని మనం చూస్తే, అది మన పెద్దల లెక్కలో అరాచకం.

నవ్వుకుంటూ ఇంతదాకా రాశాను గాని, 2020 సెప్టెంబరు 25కూ అక్టోబరు 2కూ మధ్య బ్రిటన్‌లో జరిగినదానికి నవ్వు రాదు. కోవిడ్ పరీక్షల ఫలితాలను పాతకాలపు ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ రకం షీటులో 65,536 వరుసలే పడతాయి. 15,841 మంది ఫలితాలు చప్పుడు కాకుండా రాలిపోయాయి. జబ్బుపడినవారికి సంగతి తెలిసింది గాని, వారిని కలిసినవారిని హెచ్చరించవలసిన బృందాలకు ఆ పేర్లు వేళకు అందలేదు. పంపినవారి లెక్కనూ అందుకున్నవారి లెక్కనూ రోజూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే మొదటి రోజే బయటపడవలసిన తేడా అది. పట్టికలో ఒక వరుస అంటే ఒక మనిషి. ఈ మాట కార్యాలయాల్లో ఎవరికీ తెలియదని నేను నమ్మను. రెండు కంప్యూటర్ల మధ్య ఉండవలసిన తీగకు బదులు మనిషిని లాగి కట్టి, ఈ కిటికీలో ఇచ్చిన కాగితాన్ని ఆ కిటికీకి మోయించి, ఒక రోజు కూలి పోగొట్టి, అక్కడ ఒక అక్షరం తేడా ఉందని వెనక్కి పంపడం చేతగానితనం కాదు. అది సిగ్గులేనితనం. ఆ అక్షరాన్ని తప్పుగా ఎక్కించింది వాళ్లు, తిరుగుతున్నది అతను.

అసలు ఎక్సెల్ ఫైలే ఇవ్వమని నేను ఆ శాఖకు సవినయంగా దరఖాస్తు పెట్టుకున్నాను. జవాబు వచ్చింది. కోరిన వివరాలు ఇప్పటికే ప్రజలకు అందుబాటులో ఉన్నాయని ముగ్గురు సంతకం చేసిన ఆ ఉత్తరం కూడా పీడీఎఫే. ఈసారి కుడివైపుకు ఒరిగి ఉంది.