ఓట్లు చీల్చింది ఎవరు మరి?

రెబల్ అభ్యర్థులంటే నాకు చిన్నప్పటి నుంచీ కాస్త జాలే. మా పెద్దనాన్న ఒకసారి మునిసిపల్ కౌన్సిలర్‌గా అలాగే నిలబడ్డాడు. బీ ఫారం ఇంకొకరికి వెళ్లింది. ఉపసంహరణ రోజు మధ్యాహ్నం మూడయ్యే దాకా ఇంటి ముందు కార్లు ఆగుతూనే ఉన్నాయి. వచ్చినవాళ్లు బతిమాలుతూనే ఉన్నారు, పెద్దమ్మ టీలు పెట్టీ పెట్టీ విసిగిపోయింది. ఆయనది ఒకటే మాట: "నన్ను కాదన్నది పైవాళ్లు. జనం కాదంటే అప్పుడు ఇంట్లో కూర్చుంటా." చివరికి తాను ఓడాడు, పార్టీవాణ్నీ ఓడించాడు. అది వేరే సంగతి.

ఆ సాకు కూడా లేనివాడు న్యూయార్క్‌లో ఆండ్రూ కువోమో. మూడుసార్లు గవర్నర్‌గా గెలిచి, 2021లో రాజీనామా చేసి, 2025లో న్యూయార్క్ నగర మేయర్ పదవికి పోటీకి దిగాడు. అక్కడ బీ ఫారం ఇచ్చేది అధిష్ఠానం కాదు, పార్టీ ఓటర్లు. జూన్ 24న డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, పెట్టారు. ఒక్కరికే ఓటు వేయడం కాదు, ఐదుగురి దాకా వరసగా ఇష్టాలు రాసుకోవచ్చు. ఆ ఇష్టాలన్నీ కలిపి లెక్కేశాక కూడా జోహ్రాన్ మమ్దానీకి 56 శాతం, ఈయనకి 44. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్తారు?

అయినా నవంబర్‌లో అసలు ఎన్నికకి మళ్లీ బరిలో దిగాడు. ప్రైమరీకి ముందే ఇంకో పార్టీ పేరుతో సంతకాలు సేకరించి దాఖలు చేసి పెట్టుకున్నాడు లెండి. బస్సుకీ రైలుకీ రెండిటికీ టికెట్ కొనుక్కోవడమంటే ఇదే.

ఆయన మనుషులు చెప్పే మాటలో కొంత న్యాయం ఉంది, కాదనను. ప్రైమరీలో ఓటేసేది డెమోక్రాట్లుగా నమోదైనవాళ్లే, ఊరంతా కాదు. మరి ఆ సంగతి జూన్‌కి ముందు తెలీదా? ఊరంతా కావాలంటే మొదటి నుంచే ఇండిపెండెంట్‌గా రావాల్సింది. ఓడాక గుర్తుకు రావడమేంటి?

నాకు నిజంగా ఒళ్లు మండింది ఇక్కడ కాదు. రిపబ్లికన్ అభ్యర్థి కర్టిస్ స్లివా, ఎర్ర టోపీ ఆయన, పార్టీ టికెట్ మీద దర్జాగా నిలబడ్డాడు. ఆయన్ని పట్టుకుని "నువ్వు ఓట్లు చీలుస్తున్నావ్, తప్పుకో" అని ఒత్తిడి! చివరికి ట్రంప్ కూడా సొంత పార్టీ మనిషిని వదిలేసి కువోమోకే వేయమన్నాడు. ప్రైమరీలో ఓడినవాడు ఉండాలట, టికెట్ ఉన్నవాడు పోవాలట. స్లివా కదల్లేదు. మంచి పని చేశాడు.

ఇంత గొడవా చేస్తే చివరికి తేలిందేంటి? మమ్దానీకి సగం దాటి వచ్చాయి. కువోమోకి 41, స్లివాకి 7. ఆ రెండూ కలిపినా అందదు.

ఒక్కోసారి ఇలా దిగినవాళ్లు గెలుస్తారు కూడా. 2006లో కనెక్టికట్‌లో జో లీబర్‌మన్ ప్రైమరీలో ఓడి, ఇండిపెండెంట్‌గా దిగి సెనేట్‌కి వెళ్లాడు. రిపబ్లికన్ ఓటర్లు తమవాణ్ని వదిలేసి ఈయనకి వేశారు. కువోమో ఆశ కూడా బహుశా అదే.

మొన్న ఈ కథంతా పెద్దనాన్నకి ఫోన్‌లో చెప్పాను. విని, "అతనికి టికెట్ రాకుండా చేసింది ఎవర్రా?" అన్నాడు. జనమే అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"మరి ఎవరి మీద అలిగినట్టు?"