పదకొండున్నర కాఫీ

నల్లగొండ గడియారం చౌరస్తాలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల వారు పంచుతున్న కరపత్రంలో, ర్యాంకర్ల ఫొటోల కింద, ఏసీ తరగతి గదులకూ ఆర్వో నీళ్లకూ మధ్య, ‘రాత్రి 11.30 గంటల స్టడీ అవర్‌లో వేడి వేడి కాఫీ ఉచితం’ అని ఎర్ర అక్షరాలతో అచ్చు వేశారు. పొద్దున లేస్తే చాయ్ తప్ప మరొకటి ఎరుగని ఈ జిల్లాలో కాఫీ ఇంకా కాస్త పెద్దింటి పానీయమే కనుక, ఆ వాక్యం చదివిన తల్లిదండ్రులు యాజమాన్యం వారి ఔదార్యానికి మురిసిపోయి ఉంటారు. నిద్ర అనే దురలవాటును పదహారేళ్ల పిల్లల చేత మాన్పించడానికి నడుం కట్టిన ఈ మహానుభావుల కృషిని శాస్త్రీయంగా పరిశీలించడం పౌరుడిగా నా విధి అని భావిస్తున్నాను.

ముందుగా తల్లిదండ్రుల సమావేశాన్ని ఊహించుకుంటున్నాను. కరస్పాండెంటు గారు మైకు సవరించుకుని కాఫీ పథకాన్ని ప్రకటిస్తారు. చివరి వరుసలో ఒక రైతు లేచి, “సారూ, మరి పిలగాండ్లు పండుకునేదెప్పుడు?” అని అమాయకంగా అడుగుతాడు. “పడుకోవడానికి మీ ఇంట్లో వసతి ఉంది కదండీ, ఇక్కడికి పంపింది చదువుకోవడానికి” అని కరస్పాండెంటు గారు చిరునవ్వుతో సెలవిస్తారు. “మా దూడ సుత రాత్రి పండుకుంటది సారూ” అని ఆ రైతు ఇంకా వదలడు. “దూడలు జేఈఈ రాయవు” అని డీన్ గారు అందుకుంటారు. సభ చప్పట్లతో మారుమోగుతుంది. రైతు తన అజ్ఞానానికి తానే సిగ్గుపడి, రెండో వాయిదా ఎప్పుడు కట్టాలో కనుక్కుని కూర్చుంటాడు.

ఇక శాస్త్రం. 1819లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు రుంగె కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను వేరు చేసినప్పుడు, అది ఒకనాటికి మన హాస్టళ్ల స్టీలు డ్రమ్ముల్లో విద్యా వ్యూహంగా మరుగుతుందని ఊహించి ఉండడు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉన్న గ్రాహకాలనే సీట్లలో చేరిన కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ చేసేదల్లా దేవరకొండ బస్సు కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపుకునే పెద్దమనిషి చేసే పనే. సీటులో ఉన్నది ఉత్త తువ్వాలే అయినా అడినోసిన్‌కు చోటు దొరకదు. అంతమాత్రాన ప్రయాణికులు తగ్గరు, ఫుట్‌బోర్డు దాకా పెరుగుతూనే ఉంటారు. కొండమల్లేపల్లిలో తువ్వాల తీయగానే నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా ఆ సీట్ల మీద పడతారు. ఫిజిక్సు పుస్తకం మీదికి పిల్లవాడి తల వాలేది ఆ క్షణంలోనే. కాఫీ అలసటను తీర్చదు. అలసిపోయావన్న కబురు మెదడుకు చేరకుండా చూస్తుంది.

మనిషిని బట్టి హెచ్చుతగ్గులున్నా, ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. పదకొండున్నరకు తాగిన కాఫీలో సగం, తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ చదువుల గంట కొట్టే వేళకు, రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఈ రెండు వేళల మధ్య వార్డెన్ రిజిస్టరులో నమోదయ్యే నిద్ర, నిజానికి మంచం మీద హాజరు మాత్రమే. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిపోతుందని 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. హాస్టల్ కాఫీలో అంత కెఫీన్ ఉండదని ఒప్పుకుని యాజమాన్యానికి న్యాయం చేయాలి: కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు పొడిలో కెఫీన్ ఉండదు, నీళ్లలో అసలే ఉండదు, డ్రమ్ములో ప్రధానంగా ఉండేవి ఆ రెండే. కౌమార వయసు వారికి రోజుకు కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాముల వరకు భయం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. 45 కిలోల పిల్లకు అది 135 మిల్లీగ్రాములు. కనుక ఒక కప్పు కాఫీ విషమని నేననను. ఆ కప్పు ఇచ్చే వేళ గురించే నా పేచీ.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతున్నారు. పగలంతా చదివినది బుర్రలో కుదురుకునేది ఆ నిద్రలోనే. ఆ నిద్రనే కత్తిరించి, దాని స్థానంలో డ్రమ్ము పెట్టి, అందుకు ఫీజు వసూలు చేయడాన్ని చదువు చెప్పడం అంటారా? పాలమూరు నుంచి ముంబైకీ పుణేకూ వలసపోయి, ఎండలో తట్టలు మోసి, కడుపు కట్టుకుని పంపిన డబ్బు మీకు ముడుతున్నది. బిడ్డ తమలా రాత్రింబవళ్లు ఒళ్లు హూనం చేసుకోకూడదనే ఆ తల్లిదండ్రులు ఆ డబ్బు కట్టారు. మీరు ఆ బిడ్డ చేత ఒళ్లే హూనం చేయిస్తూ, గుండె దడదడలాడుతున్నదని చెబితే ‘పరీక్ష భయం’ అని కసురుతారు. మీ సొంత పిల్లల్ని ఏ అర్ధరాత్రి ఇలా లేపి కూర్చోబెట్టారో ఒక్కసారి చెప్పండి. సిగ్గు లేదా మీకు?

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడికి రెండో రోజే తల పగిలిపోయేంత నొప్పి మొదలవుతుంది. రోజూ కెఫీన్‌తో కాస్త బిగుసుకుని ఉండడానికి అలవాటు పడిన మెదడు రక్తనాళాలు, అది అందక వదులవుతాయి. మానేసిన 12 నుంచి 24 గంటల్లో ఈ నొప్పి మొదలై కొన్ని రోజులు వేధిస్తుంది. ఈ సంగతి కరపత్రంలో లేదు గనుక, తల్లి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. తగ్గదు. కాలేజీలో రోజూ కాఫీ ఇస్తారని కొడుకు చెప్పగా, పక్కింటి నుంచి కాస్త పొడి అడిగి తెచ్చి కలిపి ఇస్తుంది. అరగంటలో నొప్పి మాయమవుతుంది. మందేమిటో తెలిసిపోయిందని ఆమె సంబరపడి, సెలవులయ్యాక కొడుకును దింపడానికి వెళ్లినప్పుడు, ఫీజు రెండో వాయిదాతో పాటు ఒక సీసా కాఫీ పొడి కూడా వార్డెన్ చేతిలో పెట్టి, “మావోడికి జర ఎక్కువ ఏసి ఇయ్యుండ్రి సారూ” అని దండం పెట్టి వస్తుంది.