సవరణ: 12×18 ప్రింటుకు 20 మెగాపిక్సెళ్లు తప్పనిసరి కాదు

12×18 అంగుళాల ప్రింటుకు కనీసం 20 మెగాపిక్సెళ్ల కెమెరా ఉండాలని పోయిన పోస్టులో ఉన్న వాక్యాన్ని మార్చాను. అంగుళానికి 300 పిక్సెళ్ల (ఫొటోలోని చుక్కల) చొప్పున 5400×3600, అంటే 19.4 మెగాపిక్సెళ్లు (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు). లెక్క సరైనదే. కానీ 300 అనేది ఆల్బమ్‌లా చేతిలో పట్టుకుని చూసే ఫొటోకు. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి 200 చాలు, అప్పుడు 8.6 మెగాపిక్సెళ్లతో పనైపోతుంది. 4000×3000 పిక్సెళ్ల ఫోను ఫొటోను 12×18 ఆకారానికి కత్తిరించినా అంగుళానికి 222 వస్తాయి. 4×6 ప్రింటుకైతే 300 చొప్పున చూసినా 2.2 మెగాపిక్సెళ్లే, బెంగే అక్కర్లేదు.

ఇంకో సంగతి. 50 మెగాపిక్సెళ్లని డబ్బా మీద రాసున్న ఫోన్లు చాలావరకు నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు లెండి.

అసలు ప్రింటు చెడేది వాట్సాప్ దగ్గర. మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. పొడవు 1600 పిక్సెళ్లకు దిగిందంటే 18 అంగుళాల మీద అంగుళానికి 89 మిగులుతాయి, ముఖాలు అలుక్కుపోతాయి. ల్యాబ్‌కు డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. మసక వెలుతురులో జూమ్ చేసి తీసినవాటికి మాత్రం పై లెక్కలేవీ పనిచేయవు.