కుంకుమపువ్వుకి బిడ్డ తెల్లబడదు, ఇనుము మాత్రకి నల్లబడదు

"ఐదో నెల నుంచి రోజూ పాలల్లో కుంకుమపువ్వు వేసుకుని తాగితే బిడ్డ తెల్లగా పుడుతుంది. నేరేడు పళ్ళు, ఇనుము మాత్రలు ముట్టుకోకండి, నల్లగా పుడుతుంది." ఈ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులోకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, కానీ ఇప్పుడు మా పిన్ని కోడలికి ఆరో నెల కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

కుంకుమపువ్వు వేస్తే పాలు పచ్చబడతాయి. ఆ లెక్కన బిడ్డ పచ్చగా పుట్టాలి కదా! ఒంటి రంగు చర్మానికి రంగునిచ్చే పదార్థమైన మెలనిన్‌ని బట్టి ఉంటుంది, ఆ మెలనిన్ ఎంతన్నది ముఖ్యంగా అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులని బట్టి, అంటే కడుపు పండిన రోజే ఆ సంగతి తేలిపోయింది. మన దేశంలో రంగు తేడాలకి ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు ఒక ముఖ్య కారణమని మన హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు 2013లోనే చూపించారు. గ్లాసుడు పాలు దాన్నేం చేస్తాయి?

"మా అమ్మాయి తాగింది, పిల్లాడు తెల్లగానే పుట్టాడు" అంటారు. పుట్టగానే చాలామంది పిల్లలు ఎర్రగా, లేతగానే ఉంటారు, అసలు రంగు తర్వాత మెల్లగా తేలుతుంది. ఇది పెద్దవాళ్ళకి తెలియదా ఏంటి, బిడ్డ చెవి అంచు మడిచి చూసి "వీడు చామనచాయేలే" అని తేల్చేసేది వాళ్ళే!

ఇనుము మాత్ర సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అది వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, బహుశా ఈ భయం అక్కడే పుట్టి ఉంటుంది, కానీ అది ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. అందుకే నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకో ఎర్ర మాత్ర ఇస్తారు. అది మానేసిన మనిషికి కాన్పులో రక్తం ఎక్కువ పోతే ఏమవుతుందో ఆ ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఆలోచించారా? కడుపులో తిప్పుతుంటే డాక్టర్‌కి చెప్తే మార్చిస్తారు.

ఇక "ఆడపిల్లయితే పెళ్ళికి కష్టం కదా" అనేది. "నలుపు నారాయణుడు మెచ్చు" అని సామెత చెప్పేదీ మనమే, సంబంధం చూడ్డానికి వెళ్ళి "పిల్ల కాస్త రంగు తక్కువ" అనేదీ మనమే. ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు, మనం ఇంకా పుట్టని పిల్లకి వంకలు పెడుతున్నాం, అదీ వాళ్ళమ్మ రక్తం పణంగా పెట్టి.

పిన్నీ, ఆ కుంకుమపువ్వు డబ్బా పాయసంలోకి దాచు. ఎర్ర మాత్ర మాత్రం నిమ్మరసంతో ఇవ్వు, పాలతో వద్దు, ఇనుము సరిగ్గా పట్టదు.