బేస్‌మెంట్‌లో రోకటి పోటు

మొన్న మన డెట్రాయిట్ తెలుగు సంఘం ఉగాదికి (హాలు దొరక్క ఏప్రిల్ నెలాఖరున చేసుకున్న ఉగాదికి) మా పెద్దమ్మాయి కంప్యూటర్‌లో కట్టిన పాట ఐటెం నంబరు 23. కార్యవర్గం ఇచ్చిన టైము నాలుగు నిమిషాలు. ఒక నిమిషం నలభై సెకన్లు అయ్యేసరికి ముఖ్య అతిథి వచ్చారని సౌండ్ ఆపేశారు. శాలువా, జ్ఞాపిక, ఫోటోలు, ఫోటోల్లోకి రాని కమిటీవాళ్ళతో మళ్ళీ ఫోటోలు. మిగతాది తర్వాత వేస్తారేమోనని పిల్ల లాప్‌టాప్ చంకలో పెట్టుకుని స్టేజీ పక్కనే నిలబడింది. వెయ్యలేదు. యాంకరమ్మ "డీజే పాపకి గట్టిగా చప్పట్లు కొట్టాలి" అనేసి తర్వాతి డాన్సు వాళ్ళను పిలిచింది.

మా అమ్మ మూడో వరసలో ఉంది. పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ పాటలో తన గొంతు వచ్చేది రెండో నిమిషంలో.

సంఘం మీద నాకు కోపమేమీ లేదు. పన్నెండేళ్ళుగా చవితి పందిట్లో పులిహోర కలుపుతున్నవాణ్ణి. వాలంటీర్ల కష్టం తెలుసు, హాలు పది గంటలకల్లా ఖాళీ చెయ్యాలన్న టెన్షనూ తెలుసు. కానీ ఆ రోజు ఇచ్చిన సర్టిఫికెట్‌లో 'విభాగం' అన్నచోట 'ఇతరములు' అని రాసి ఉంది. దాని గురించి మాత్రం మాట్లాడాలి.

ముందుగా, మా అమ్మాయి డీజే కాదు. డీజే అంటే ఉన్న పాటల్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి జారుస్తూ జనాన్ని ఆడించేవాడు. అదీ చిన్న విద్యేం కాదు. దీని పని వేరు. డ్రమ్ము దెబ్బ దగ్గర్నుంచి ఒక్కో శబ్దాన్నీ తయారు చేసుకుని పాట కడుతుంది. ఇదంతా జరిగేది మా బేస్‌మెంట్‌లో, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కనున్న గదిలో. ఆ గదిలో ఒకప్పుడు ఊరి నుంచి తెచ్చిన సూట్‌కేసులు, విడిభాగాలు పోయిన పింగ్‌పాంగ్ బల్ల ఉండేవి.

నిజం చెప్పాలంటే మొదట వద్దన్నది నేనే. ఆరో తరగతిలో కర్ణాటక సంగీతం మానేసినప్పుడు నాకేం బాధలేదని అందరికీ చెప్పాను. శ్రుతి పెట్టె మాత్రం ఇంకా పూజగదిలోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. పదకొండో తరగతిలో, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష నెత్తి మీద ఉండగా, ఈ కంప్యూటర్ పాటలేమిటన్నాను. పాతిక మీటల చిన్న కీబోర్డు తన బేబీసిట్టింగ్ డబ్బుతో కొనుక్కుంది. మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, పాతది ఎవరో అమ్ముతుంటే కాంటన్ ఊరు వెళ్ళి తెచ్చుకుంది. నేను దిగింది ఆ తర్వాతే. అదీ ప్రేమతో కాదు, చిరాకుతో.

నా ఉద్యోగం కార్లలో రొద, అదురు తగ్గించడం. ఓ శనివారం తన పాటను మా వ్యాన్‌లో పెట్టింది. తలుపులు గడగడలాడాయి. "గదిలో అసలు బేస్ (అడుగు స్థాయి మోత) వినపడటం లేదు నాన్నా, అందుకే పెంచాను" అంది. వెళ్ళి చూస్తే కుర్చీ సరిగ్గా గది నడిమధ్యలో ఉంది. 50 హెర్ట్‌జ్ (సెకనుకి యాభైసార్లు అదిరే) శబ్దం అల పొడవు ఇరవై రెండున్నర అడుగులు. మా గది పొడవు 11 అడుగులు. అంటే సగం అల గోడకీ గోడకీ మధ్య కొలిచినట్టు సరిపోతుంది. నడిమధ్యలో కూర్చున్నవాడికి ఆ శబ్దం దాదాపు చచ్చిపోతుంది, గోడ దగ్గర నిలబడితే గుండె అదురుతుంది. పాపం పిల్ల ఆరు నెలలుగా గది చెప్పిన అబద్ధం విని పాటలు కడుతోంది.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? గుడ్ల అట్టలు అంటిద్దామంది, అవి బేస్‌ను ఏమీ చెయ్యలేవన్నాను. నాలుగంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దిండు) తెచ్చి, చెక్కఫ్రేముల్లో బిగించి, నాలుగడుగుల పలకలు ఆరు చేశాం. రెండు మూలల్లో, రెండు స్పీకర్ల వెనక, రెండు పక్కగోడల మీద. పక్కగోడల మీద చోటు వెతకడానికి ఒకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి, ఇంకొకరు కుర్చీలో కూర్చుని చూడాలి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ పలక. కుర్చీని ముందు గోడ వైపు జరిపాం.

పలకల మీద గుడ్డ దగ్గర ఆగాం. గాలి పోయే గుడ్డ కావాలి. నోటితో ఊదితే అవతల చేతికి తగలాలి. మా ఆవిడ బీరువాలో చీరలు ఒక్కొక్కటే తీసి ఊదుతూ కూర్చున్నాం. పట్టుచీరల దగ్గరికి రానివ్వలేదు. చివరికి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరలు రెండు ఇచ్చింది. ఇప్పుడు ఆ గదిలో ఆకుపచ్చ అంచుల మధ్య కూర్చుని పిల్ల టెక్నో (యంత్రాల తాళంతో సాగే డాన్సు సంగీతం) చేస్తుంది. పలకలు గదిలో మోతను తగ్గిస్తాయే గానీ పైకి పోయే చప్పుడును ఆపవు. కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర దాటితే హెడ్‌ఫోన్సే. లాప్‌టాప్ కాక మొత్తం ఖర్చు ఏడువందల డాలర్లు దాటలేదు. ఒక అరంగేట్రానికి ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మా అమ్మ సంగతి. తెనాలి దగ్గర మా ఊళ్ళో చిన్నప్పుడు వడ్లు దంచేటప్పుడు పాడిన దంపుళ్ళ పాట, 'సువ్వి సువ్వి' అంటూ సాగేది, ఓ మధ్యాహ్నం వంటింట్లో కూనిరాగం తీస్తుంటే పిల్ల విని కిందికి లాక్కుపోయింది. వడ్లెక్కడివి? సూట్‌కేసులో సగం బరువుకు తూగి వచ్చిన చిన్న రాతి రోట్లో అమ్మ నువ్వులు పోసి దంచింది. మొదటి దెబ్బకే శబ్దం మితిమీరిందని ఇంటర్‌ఫేస్ మీద ఎర్రలైటు. మైకు రెండడుగులు వెనక్కి జరిపాం. మైకులో హోరు వస్తోందని ఫర్నేస్ ఆపితే, పైనుంచి మా ఆవిడ చలి అని కేక. ఆ కేక కూడా రికార్డయింది, పిల్ల దాన్ని తియ్యలేదు.

తర్వాత చూస్తే నాన్నమ్మ దంపుడు కంప్యూటర్ తెర మీద తాళానికి గీసిన సమానమైన గళ్ళలో పడట్లేదు. మొదట్లో నిమిషానికి 84 దెబ్బలు, చివరికొచ్చేసరికి 92. గీతల మీదికి లాగి సరిచేద్దామని కూర్చుంది. మా అమ్మ తెర వైపు చూసి, "అదేమిటే అమ్మడూ, బియ్యం విడేకొద్దీ రోకలి తేలికవుతుంది. చెయ్యి పరిగెత్తదూ?" అంది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఆనక గీతలన్నీ విప్పి, కంప్యూటర్ తాళాన్నే నాన్నమ్మ వెంట నడిపించింది. డ్రమ్ములన్నీ ఆవిడ చేతితో పాటు మెల్లగా పరుగందుకుంటాయి. ఉగాది నాడు మీరు వినకుండా పోయింది అదే.

"కంప్యూటరే వాయిస్తుంటే పిల్ల చేసేదేముంది" అని ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రెడీమేడ్ ముక్కలు కొని అతికించి నా పాట అనేవాళ్ళున్నారు, ఇప్పుడు రెండు వాక్యాలు టైపు చేస్తే పాట వచ్చేస్తోంది కూడా. పిల్లలు రాత్రుళ్ళు తెర ముందే గడుపుతారన్న భయమూ నాకుంది. సరే. మరి ఆ సాయంత్రం పదిహేడు డాన్సులు వేసినవి సినిమా పాటల రికార్డుల మీదే కదా? పాడినవాళ్ళంతా కరోకే ట్రాక్ మీద పాడినవాళ్ళే. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ ట్రాకుల్ని కూడా ఎవరో ఒకరు ఇలాంటి గదిలోనే కూర్చుని చేసి ఉంటారు.

మనం ఉంటున్నది ఏ ఊరి పక్కనో కూడా గుర్తు చేస్తాను. టెక్నో పుట్టింది డెట్రాయిట్‌లో. దానికి ఆద్యులని చెప్పే హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ చదివింది మన కాంటన్ పక్కనే ఉన్న బెల్‌విల్ హైస్కూల్లో. వాళ్ళూ ఇళ్ళలో మొదలుపెట్టిన కుర్రాళ్ళే. అంతకు ముందు మోటౌన్ అనే రికార్డుల కంపెనీ. దాన్ని పెట్టిన బెర్రీ గోర్డీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 1959లో, ఇంట్లోవాళ్ళంతా నెలనెలా వేసుకునే చిట్టీలాంటి నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో మామూలు ఇల్లు కొని కింద స్టూడియో పెట్టి, మేడ మీద కాపురం ఉన్నాడు. ఇప్పుడది మ్యూజియం. ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరినీ హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తిప్పుతాం, ఇక్కడికి ఒక్కసారి తీసుకెళ్ళండి. పైకప్పులో ఉన్న కంత కింద నిలబడి చప్పట్లు కొట్టమంటారు. అటక మొత్తం మోగుతుంది. వాళ్ళ ఎకో మెషీను ఆ అటకే.

మనదేశం మాట కావాలంటే, చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు 1982లోనే డ్రమ్ మెషీన్ తాళానికి సింథసైజర్ మీద పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా వింది. ఆయనకప్పటికి దాదాపు డెబ్బై ఏళ్ళు.

కార్యవర్గానికి నా మనవి పెద్దదేమీ కాదు. చవితి కార్యక్రమంలో పది నిమిషాలు ఇవ్వండి. మా పిల్లకొక్కదానికే కాదు. నోవైలో, ట్రాయ్‌లో ఇలా బేస్‌మెంట్లలో కూర్చున్న పిల్లలు ఇంకా ఉన్నారు, తల్లిదండ్రులు సిగ్గుపడి చెప్పరంతే. ఒక బల్ల, రెండు ప్లగ్గులు, సౌండ్ మిక్సర్‌లోకి రెండు లైన్లు, తెర లేవకముందు ఐదు నిమిషాల సౌండ్ చెక్. ట్రాకును వాట్సాప్‌లో పంపమనొద్దు, శబ్దం నాణ్యత నలిగిపోతుంది. విభాగం పేరు ఏదైనా పెట్టండి, ఇతరములు తప్ప. ముఖ్య అతిథి వస్తే రెండు నిమిషాలు కూర్చోబెట్టి పాట విననివ్వండి.

మా అమ్మ తిరుగు టికెట్ సెప్టెంబరు ముప్ఫైకి. చవితి అంతకు ముందే వస్తోంది. ఈసారి హాలు ముందుగా బుక్ చేద్దాం, కావాలంటే డిపాజిట్ నేను కడతాను.