25 లీటర్ల ఎయిర్ కంప్రెసర్ గారికి

శ్రీయుత కంప్రెసర్ గారి దివ్యసముఖమునకు,

ఇక్కడ నేను, నా పాత మారుతి 800, సగం మాత్రమే కారులా కనిపిస్తున్న దాని బానెట్ క్షేమం. పోర్టికోలో ఇంకా చెయ్యి పెడితే కాలేంత వేడిగా కూర్చున్న తమరూ క్షేమమని తలుస్తాను.

ఇవాళ మధ్యాహ్నం తమరు చూపిన ప్రతాపం గురించి నాలుగు ముక్కలు విన్నవించుకుందామని ఈ ఉత్తరం. లప్పం పెట్టి, నీళ్ళతో ఉప్పుకాగితం పట్టి, ప్రైమర్ ఆరాక మళ్ళీ గీకి, అద్దాలకీ లైట్లకీ పాత పేపర్లు అంటించి, చివరికి స్ప్రే గన్ను పట్టుకున్నాను. ఎడమ హెడ్‌లైట్ పైనుంచి బానెట్ మధ్యదాకా తెలుపు ఎంత నున్నగా పరుచుకుందో! కిటికీలోంచి చూసి మా ఆవిడ కూడా "పర్లేదే, బాగానే వస్తోంది" అంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు. సరిగ్గా అప్పుడే తమరి ప్రెషర్ గేజులో ముల్లు 6 బార్ల నుంచి 5కి, అక్కడి నుంచి గబగబా 3కి దిగిపోయింది. వెడల్పుగా విచ్చుకున్న స్ప్రే కాస్తా ముడుచుకుపోయింది. గన్ను పెయింటు కొట్టడం మానేసి ఉమ్మడం మొదలుపెట్టింది. కుడి సగమంతా ఆరెంజ్ పీల్, అంటే కమలాతొక్కలా గుంటలు గుంటలు. తమరేమో డబడబమని లోకమంతా వినేలా తిరుగుతూనే ఉన్నారు.

శబ్దం గురించి నేను రాయను. పక్కింటి పిన్నిగారు రాస్తానన్నారు. తమరు స్టార్టయినప్పుడల్లా ఇంట్లో లైట్లు కునుకు తీయడం గురించీ రాయను. పెట్టెలో ఉచితంగా పంపిన గుడ్డ మాస్కు గురించి మాత్రం ఒక్క మాట: రెండు డబ్బాలు కలిపి కొట్టే ఈ 2కే పెయింటులో, గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు విషం. ఆ గుడ్డ పెట్టుకునే బదులు ఆంజనేయ దండకం చదువుకోవడం మేలు.

అసలు బాధ వేరే ఉంది. తమరి పొట్ట మీద ఎర్రటి అక్షరాలతో '25 లీటర్లు' అని రాసి ఉంది. కొట్లో నేను తెలుగులోనే అడిగాను. "కారుకు స్ప్రే కొట్టాలి. హెచ్‌వీఎల్‌పీ గన్ను, ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ తాగే రకం. గాలి సరిపోతుందా?" "భేషుగ్గా సార్, 25 లీటర్లు!" అన్నాడు. నేను గాలి ఎంత ఇస్తుందని అడిగితే ఆయన డబ్బా ఎంతుందో చెప్పాడు.

లెక్క చూద్దాం. నా గన్నుకు నిమిషానికి 10 ఘనపుటడుగుల గాలి కావాలి, అంటే దాదాపు 283 లీటర్లు. తమరి ట్యాంకు 8 బార్ల దాకా నిండినా, 3కి పడిపోయేలోపు అందులోంచి బయటికొచ్చే గాలి 125 లీటర్లు. మోటారు అందుకుని కాస్త కలిపినా నిమిషం నిండదు. నిమిషంలో బానెట్ పూర్తిచేసే మొనగాడు గాజువాక ఆటోనగర్‌లో కూడా దొరకడు.

వెనకవైపు చిన్న అక్షరాల్లో '7.5 సీఎఫ్‌ఎం' అని కూడా ఉంది, అంటే నిమిషానికి ఏడున్నర ఘనపుటడుగులు. ఎక్కడిదది? సిలిండర్ కొలతను మోటారు స్పీడుతో గుణించగా వచ్చింది. కాగితం మీద గాలి! వాల్వుల్లో కారేది, వేడికి పోయేది, తల దగ్గర మిగిలిపోయేది తీసేస్తే పైపులోకి వచ్చేది 4 కూడా దాటదు. దాన్ని ఎఫ్‌ఏడీ (ఫ్రీ ఎయిర్ డెలివరీ) అంటారు. ఆ మూడక్షరాలు నీ ఒంటి మీద ఎక్కడైనా ఉన్నాయా? తలకిందులు చేసి మరీ వెతికాను. సీరియల్ నంబరు ఉంది, నిమ్మకాయ కట్టుకోవడానికి కొక్కెం ఉంది, అది మాత్రం లేదు.

కొట్టుకు ఫోన్ చేశాను. "చిన్నది తీసుకున్నారు సార్, తేడా కడితే 50 లీటర్లది ఇస్తాం" అన్నాడు. మోటారు? "అదే మోటారు సార్, ట్యాంకు డబుల్!" మేడ మీద ట్యాంకు ఎంత పెద్దది కట్టినా కింద బోరు సన్నగా పోస్తుంటే స్నానం ఆగకుండా ఉంటుందా? ఆగేది ఇంకాస్త ఆలస్యంగా ఆగుతుంది, అంతే. పైగా అది నిండేదాకా మోటారు ఇంకా ఎక్కువసేపు కాలాలి. ఈమాత్రం అమ్మేవాడికి తెలీదా? తెలుసు. తెలిసే లీటర్లు చెప్తాడు, ఎందుకంటే లీటరంటే పాలు కొనే ప్రతివాడికీ తెలుసు, సీఎఫ్‌ఎం తెలీదు. సిగ్గుండాలి.

నీళ్ళ సంగతి వేరే. విశాఖ గాలిని తొమ్మిదింతలు నొక్కితే అందులో తేమ ఎక్కడికి పోతుంది? ఉక్కపోత రోజు గంటసేపు నిన్ను తిప్పితే ఒక టీ గ్లాసుడు నీళ్ళు దిగుతాయి. నువ్వు వేడిగా ఉన్నంతసేపు అది ఆవిరిగా దాక్కుని, పైపులో చల్లబడి, సరిగ్గా చివర కొట్టే మెరుపు పూత, క్లియర్ కోట్ మీద బొట్లు పెడుతుంది. ఫిల్టరు విడిగా కొనుక్కోవాలట.

అలాగని నిన్ను పారేయను. మారుతి టైర్లకు 30 పీఎస్‌ఐ కొట్టమంటే రెండు నిమిషాల్లో కొడతావు. కూలర్ జాలీలో దుమ్ము, కుట్టుమిషన్‌లో దూది ఊదడంలో నీకు సాటి లేదు, ఒప్పుకుంటాను. తక్కువ గాలి తాగే ఎల్‌వీఎల్‌పీ గన్ను తగిలిస్తే బంపరు మీద గీతలూ, అద్దం తొడుగులూ ఆగుతూ ఆగుతూ చేయగలవు. ఆ మాటే పొట్ట మీద రాసుకుని వచ్చుంటే ఇదే ధరకు ఇష్టంగా కొనేవాణ్ణి. బానెట్ మాత్రం రేపు ఆటోనగర్‌కు వెళ్తోంది. అక్కడి షెడ్డులో బెల్టు తిప్పుకుంటూ మూలిగే ముసలాయన ఉన్నాడు. ఆయన మీద ఏ అంకెలూ మిగల్లేదు, అన్నీ పెయింటు కింద పోయాయి.

ఇట్లు,
తమరి యజమాని

తా.క.: కింద మర విప్పి నీళ్ళు వంపుతాను, కదలకుండా ఉండు. లోపల తుప్పు పట్టిందంటే ఆ 25 లీటర్లు కూడా దక్కవు.