సంతకం పెట్టే చేయి, ఓటు అడిగే చేయి

పిల్లలకు ఆయన పెద్దసారు. తోటి ఉపాధ్యాయులకు హెచ్‌ఎం గారు. ట్రెజరీ కాగితాల్లో డీడీవో, అంటే జీతాల బిల్లుల మీద సంతకం పెట్టే అధికారి. ఇన్ని బాధ్యతల మధ్య ఉపాధ్యాయ సంఘం జిల్లా అధ్యక్ష పదవికి కూడా పోటీ పడతానని ఒక ప్రధానోపాధ్యాయుడు ముందుకొస్తే స్వాగతించాల్సిందే. ఆయన పోటీ పడటం మీద మాకు అభ్యంతరం లేదు. ఆయనను ఎన్నుకునే పద్ధతి మీదనే ఉంది.

బడి కష్టం హెచ్‌ఎంకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మధ్యాహ్న భోజనం బిల్లులు ఆగిపోతే వంట చేసే మహిళలు మొదట వచ్చి నిలబడేది ఆయన గది ముందే. కిరాణా కొట్టులో వాళ్ల అప్పుకు పూచీ పడిన హెచ్‌ఎంలు ఎందరో ఉన్నారు. మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే పని కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు బడిమీదే పడింది. 2022 జూన్‌లో జీవో 117 వచ్చి 3, 4, 5 తరగతుల పిల్లలను ఉన్నత పాఠశాలలకు పంపమన్నప్పుడు, గదులు చాలని చోట వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో వెతుక్కున్నది ప్రధానోపాధ్యాయులే. సంఘాలు పోరాడగా పోరాడగా 2025లో ఆ జీవో పోయింది. అధికారుల ముందు కూర్చుని ఇలాంటి విషయాలు మాట్లాడటానికి బడి నడిపిన అనుభవం ఎంతో విలువైనది. అలాంటి వారు నాయకత్వానికి దూరంగా ఉంటే నష్టపోయేది సంఘమే.

అయితే హెచ్‌ఎం చేతిలో కలం ఉంది. సీఎల్ (సాధారణ సెలవు) మంజూరు చేసేది ఆయనే. ఆలస్యంగా వచ్చిన రోజున హాజరు పట్టీలో గుర్తు పెట్టేదీ ఆయనే. జీతం బిల్లు, ఇంక్రిమెంటు, ప్రసూతి సెలవు ప్రతిపాదన, వైద్య ఖర్చుల బిల్లు, సర్వీసు రిజిస్టరులో నమోదు, అన్నీ ఆ బల్ల మీదుగా కదలాల్సినవే. కాంప్లెక్స్‌కు, అంటే చుట్టుపక్కల బడుల సముదాయానికి, ప్రధానోపాధ్యాయుడైతే అక్కడి ప్రాథమిక పాఠశాలల వారికీ ఆయనతో పని పడుతుంది. ఆ మనిషి వచ్చి ‘మీ మద్దతు నాకే కదా మాస్టారూ’ అని అడిగితే కాదనగల ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు, ఎందరుంటారు? ఆయన ఎంత మంచివాడైనా, ఎవరినీ ఎన్నడూ ఇబ్బంది పెట్టని వాడైనా అడిగిన చోట మొహమాటం పుడుతుంది. మొహమాటంతో ఇచ్చిన మద్దతును మద్దతని మేము అనలేము.

చాలాచోట్ల సంఘాల ఎన్నికలు ఎలా జరుగుతున్నాయో ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. ఒక ఆదివారం జిల్లా కేంద్రంలో కౌన్సిల్ సమావేశం. రాష్ట్ర శాఖ నుంచి ఒక పరిశీలకుడు. ముందే కుదుర్చుకున్న పేర్ల జాబితా చదువుతారు, ఆమోదమేనా అంటారు, చప్పట్లు మోగుతాయి. మర్నాటి పత్రికల్లో ‘ఏకగ్రీవం’ అని వస్తుంది. ఆ వార్త వేసేది మేమే కాబట్టి ఇందులో మా వంతు కూడా ఉంది. ఒకవేళ పోటీ వచ్చినా తేల్చేది చేతులెత్తించే. సోమవారం ఉదయం సెలవు చీటీ ఎవరి ముందు పెట్టాలో ఆయనే వేదిక మీద కూర్చుని ఉండగా, చేయి ఎత్తకుండా ఉండటానికి ఎంత గుండె కావాలి!

ఇదే ఉపాధ్యాయుడు సార్వత్రిక ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారి. ముందురోజే సామగ్రి మోసుకుని ఊరుగాని ఊరు చేరి, రాత్రి బడి బల్లల మీద పడుకుని, తెల్లవారుజామునే లేచి అట్టపెట్టె తెర అమర్చి, ఓటరు ఏ మీట నొక్కాడో పక్కవాడికి కనబడకుండా సాయంత్రం దాకా కాపలా కాస్తాడు. ఊళ్లో పెద్దకాపు ఓటుకూ కూలీ ఓటుకూ ఒకే తెర. ఊరందరికీ ఆ రక్షణ కల్పించే వాడికి తన సొంత సంఘంలో ఆ తెర లేకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

శాసనమండలి ఎన్నికలో తెర ఉంది కదా అనవచ్చు. రాజ్యాంగం 171వ అధికరణం మండలి సభ్యుల్లో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకోవాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 58 మందిలో 5, తెలంగాణలో 40 మందిలో 3 స్థానాలు వాళ్లవి. 1985లో రద్దయిన మండలి 2007లో తిరిగి వచ్చాక సంఘాల్లో పదవికి కొత్త విలువ వచ్చింది. జిల్లా అధ్యక్ష కుర్చీ మండలికి మెట్టయింది. కానీ మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో బోధించే వారికే ఆ ఎన్నికలో ఓటు. ఊరి ప్రాథమిక బడిలో ఒకటి నుంచి ఐదు దాకా ఒంటరిగా లాక్కొస్తున్న ఎస్జీటీకి లేదు. ఆమెకు వృత్తిపరంగా మిగిలిన ఓటు సంఘంలోని ఓటొక్కటే. దాన్నీ చప్పట్లలో కలిపేస్తే ఇక ఆమె మాట వినబడే చోటేది?

‘ఆమె’ అనడంలో ఉద్దేశం ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. ఆ కమిటీ ఎన్నిక దగ్గరుండి జరిపించేది హెచ్‌ఎంలే. సంఘాల వేదికలు చూడండి. మహిళా ఉపాధ్యాయులు సభ్యత్వ రుసుము కట్టే చోట ఎక్కువగా, కుర్చీల వరుసలో అరుదుగా కనిపిస్తారు. ఆదివారం జిల్లా కేంద్రంలో రాత్రి పొద్దుపోయేదాకా సాగే సమావేశాలకు ఇంటి పని, పిల్లల పని వదిలి ఎవరు రాగలరో వాళ్లే నాయకులవుతున్నారు.

పోటీ పడే ప్రధానోపాధ్యాయుడికీ ఒక మాట. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని చట్టం చెబుతోంది. గుర్తింపు పొందిన సంఘాల ముఖ్య బాధ్యులకు ఏడాదికి 21 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. సంఘం పని ఆ హద్దులో ఇమడాలి. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలన్న వివాదం కోర్టుల్లో నలిగిన ఏళ్లలో ఎంఈవో (మండల విద్యాధికారి) పోస్టులు ఖాళీగా ఉండి, ఒకే హెచ్‌ఎం తన బడితో పాటు మండలాలకు మండలాలు అదనపు బాధ్యతగా మోయడం చూశాం. అలాంటి బరువున్నవారు దాని మీద సంఘం పదవినీ ఎత్తుకుంటే, పెద్దసారు గదికి తాళం చూసి వెనుదిరిగేది టీసీ కోసం కూలి మానుకుని వచ్చిన తండ్రి. పదవి కావాలనుకునేవారు అదనపు బాధ్యతను వదులుకుంటామని నామినేషన్‌తో పాటే రాసివ్వాలి.

ఎన్నిక ఇలా జరగాలని మేము కోరుతున్నాం. ప్రతి కాంప్లెక్స్ బడిలో బడి విడిచిన తర్వాత ఒక పెట్టె పెట్టాలి. సభ్యులందరికీ ఓటు ఉండాలి, చీటీ మడిచి వేయాలి. పోటీలో ఉన్న హెచ్‌ఎం ఆ సాయంత్రం ఆ బడి ఆవరణలో ఉండకూడదు. పెట్టెలన్నీ జిల్లా కేంద్రానికి చేర్చి చీటీలు ఒక్కచోట కలిపాకే లెక్కించాలి. అప్పుడు ఏ బడి ఎవరికి వేసిందో ఎవరికీ తెలియదు. పేరు ఒక్కటే వచ్చినా ‘ఎవరూ వద్దు’ అనే గడి చీటీ మీద ఉండాలి. దీనికి జీవో అక్కర్లేదు, ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. సంఘం నియమావళిలో ఒక సవరణ చాలు. ఆ సవరణ ప్రతిపాదించే మొదటి సంతకం, పోటీకి సిద్ధమవుతున్న ప్రధానోపాధ్యాయుడిదే కావాలి.